భగవద్రామానుజుల సంశయము – దేవప్పెరుమాళ్ల ఆరు మాటలు

పెద్దలు పలువురు పలువిధములుగా చెప్పునపుడు వినువానికి కలుగు క్లేశము సామాన్యమైనది కాదు. చెడ్డవాడు చెప్పిన మాటను త్రోసివేయుట సులభము. తండ్రి ఒకటి చెప్పి గురువు వేరొకటి చెప్పినపుడు, ఇరువురును మన మేలు కోరువారే అయినపుడు, దేనిని పట్టవలెను, దేనిని విడువవలెను? ఇరువురియెడ గల గౌరవమే అపుడు మనస్సునకు సంకెల యగును. ఇట్టి క్లేశమును భగవద్రామానుజులు కాంచీపురమునందు పడియుండిరి. శ్రీభాష్యమును రచించి, డెబ్బదినలుగురు సింహాసనాధిపతులను నియమించి, శరణాగతిధర్మమును లోకమునకు పంచియిచ్చిన యతిరాజునకు సంశయమేమి యని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. కాని యతిరాజు కాకముందు వారును ఒక గృహస్థుడు. దారి తెలియక వరదుని ముంగిట నిలిచిన యువకుడు.

శ్రీరామానుజులు క్రీ.శ. 1017, పింగళనామ సంవత్సర చైత్రమాసమున ఆర్ద్రా నక్షత్రమునందు శ్రీపెరుంబూదూరున అవతరించిరి. తండ్రి ఆసూరి కేశవసోమయాజి. తల్లి కాంతిమతి. ఆమె సోదరుడే తిరుమలకొండపై శ్రీనివాసునకు తీర్థకైంకర్యము చేయుచుండిన తిరుమలనంబి. మేనల్లునియందు లక్ష్మణస్వామి లక్షణములను చూచి ఇళైయాళ్వారని నామకరణము చేసినది ఆ మహనీయుడే. పదునారవ యేట వివాహమైనది. అటుపిమ్మట తండ్రి పరమపదించెను. కుటుంబము కంచికి తరలివచ్చినది.

కంచికి సమీపమునగల తిరుప్పుట్కుళియందు యాదవప్రకాశులు వేదాంతపాఠము చెప్పుచుండిరి. వారు సామాన్యులు కారు. బ్రహ్మమే చేతనముగను, అచేతనముగను, ఈశ్వరుడుగను పరిణమించునని వారి సిద్ధాంతము. శాస్త్రజ్ఞులు దానిని భేదాభేదవాదమందురు. గురుపరంపరాగ్రంథములు కొన్ని వారిని అద్వైతి యనియే పేర్కొనుచున్నవి. రామానుజులు ఆ గురువును మనసార నమ్మి చేరిరి. నమ్మిక లేనిచో తరువాతి బాధయే లేదు. ఛాందోగ్యమునందలి కప్యాసశబ్దమునకు గురువు కోతి యొక్క వెనుకభాగమును స్ఫురింపజేయు అర్థము చెప్పగా, ఆ సమయమున గురువునకు తైలము రాయుచున్న శిష్యుని కన్నీరు వేడిగా గురువు మేనిపై పడినదట. భగవంతుని నేత్రములకు అట్టి పోలిక తగదని, సూర్యకిరణములచే వికసించిన తామర యను అర్థము ఆ శబ్దమునందే కలదని శిష్యుడు వ్యుత్పత్తి చూపెను. గురువును ఓడింపవలెనని కాదు, వినలేక ఏడ్చినాడు. ఇట్టివి మరి రెండు మూడు నడచిన పిమ్మట గురువు మనస్సు విరిగినది. కాశీయాత్ర నెపమున వింధ్యారణ్యమునకు కొనిపోయి శిష్యుని తొలగింపదలచుటయు, పినతల్లి కుమారుడు గోవిందుడు హెచ్చరింపగా రామానుజులు తప్పించుకొనుటయు, ఆ రాత్రి ఒక బోయదంపతులు తోడు వచ్చి తెల్లవారుసరికి కంచి పొలిమేరలకు చేర్చుటయు భక్తలోకమునకు చిరపరిచితములే. ఆ దంపతులు దప్పికగొన్నామనగా బావినుండి నీరు తెచ్చి పోసిన రామానుజులకు, వారు మాయమైన పిమ్మట గాని వారెవరో తెలియలేదు.

ఇంటికి చేరిన కుమారునకు తల్లి కాంతిమతి చెప్పిన ఉపాయము ఒక్కటే. కాంచీపూర్ణుల నాశ్రయింపు మనెను. తిరుక్కచ్చినంబి యని ద్రవిడనామము గల ఆ భాగవతుడు పూవిరుందవల్లియందు వైశ్యకులమున జన్మించి, దేవప్పెరుమాళ్లకు వింజామర వీచు సేవలో జీవితమును సమర్పించినవాడు. వరదుడు బ్రహ్మ చేసిన యజ్ఞమునందలి అగ్నినుండి ఆవిర్భవించిన మూర్తి. ఆ వేడిమికి విసనకఱ్ఱ సేవ ప్రియమని పెద్దలు చెప్పుదురు. రాత్రివేళ ఏకాంతమున స్వామి ఆయనతో మాటలాడుననుట ఆనాటి కంచిలో ఎల్లరు ఎరిగినదే. రామానుజులు వచ్చి పాదములపై బడగా ఆయన శాస్త్రము చెప్పలేదు. తాము నీరు త్రాగించిన ఆ బావినుండి ప్రతిదినము ఒక కుండెడు తీర్థము స్వామికి తెమ్మని చెప్పెను. రామానుజులు అట్లే చేసిరి. యాత్రనుండి మరలివచ్చిన యాదవప్రకాశులు ఏమియు జరుగనట్లు పిలువగా వారి పాఠమునకును పోవుచుండిరి. ఉదయము కుండ మోసి, తరువాత యాదవుల పాఠము విని, సాయంకాలము నంబి సన్నిధిలో కూర్చుండుట! ఒకచోట వాక్యార్థము, ఒకచోట కైంకర్యము. రెండింటికి పొత్తు కుదరలేదు.

ఈ కాలముననే మూడవ దిక్కునుండి పిలుపు వచ్చినది. శ్రీరంగమునందు యామునాచార్యులు, అనగా ఆళవందార్, ఒకమారు కంచికి విచ్చేసి, శిష్యబృందము నడుమ నడచుచున్న రామానుజులను దూరమునుండియే చూచి, సంప్రదాయమునకు ఇతనిని ఈయవలసినదిగా వరదుని వేడుకొని మరలిపోయిరి. పలుకరింపలేదు. అన్యగురువు వద్ద పాఠము వినుచున్న శిష్యుని పలుకరించి లాగుకొనుట ధర్మము కాదని వారి యాశయము కాబోలు. తమ అవసానదశ సమీపింపగా మహాపూర్ణులను, అనగా పెరియనంబిని, పంపిరి. మహాపూర్ణులు వరదుని సన్నిధిలో యామునుల స్తోత్రరత్నమును పఠించుచుండగా రామానుజులు విని, వీని కర్త ఎవరని యడిగి, ఆ క్షణమే బయలుదేరిరి. కాని వారు శ్రీరంగమునకు చేరునప్పటికి యామునులు పరమపదించియుండిరి. కావేరీతీరమున ఆ దివ్యశరీరమునకు మూడు వ్రేళ్లు ముడిచియుండుటయు, రామానుజులు మూడు ప్రతిజ్ఞలు పలుకగా ఒక్కొక్కటే విచ్చుకొనుటయు పరంపరాప్రసిద్ధము. వ్యాససూత్రములకు భాష్యము రచింతునన్నది ఆ ప్రతిజ్ఞలలో ముఖ్యమైనది.

ఆశ పుట్టిన దినముననే ఆశ్రయము పోయినది. రామానుజులు రంగనాథుని సేవింపక, దుఃఖముతో కంచికి మరలివచ్చిరి. పరమాచార్యులతో ఒక్క మాటయైనను మాటలాడనీయని రంగనాథునియెడ అలిగిరనియే చెప్పవలెను. ఇంతటి అలుక పరమభక్తులకే చెల్లును.

ఇక మిగిలినది కాంచీపూర్ణుల యాశ్రయము ఒక్కటి. తమకు ఆచార్యులై మంత్రోపదేశము చేయవలసినదిగా రామానుజులు ప్రార్థించిరి. ఆయన అంగీకరింపలేదు. బ్రాహ్మణునకు తాను ఉపదేశించుట వర్ణాశ్రమమర్యాదకు విరుద్ధమని చెప్పి తప్పుకొనెను. అప్పుడు రామానుజులు వేరొక మార్గము యోచించిరి. ఆయనను ఇంటికి భోజనమునకు పిలిచి, భాగవతశేషమును స్వీకరించినచో తాము శిష్యులైనట్లే యని తలచిరి. నంబి వచ్చుటకు ఆలస్యమగుచున్నదని వెదకుచు రామానుజులు ఒక వీధిన పోగా, నంబి మరియొక వీధిన వచ్చి, స్వామిసేవకు పోవలెనని తొందరపడి భుజించి వెడలిపోయెను. గృహిణి తంజమాంబ ఆ ఆకును తీసివేసి, ఆ చోటు శుభ్రముచేసి, స్నానమాడి, భర్తకు మరల వంట ప్రారంభించినది. ఆమె తన పుట్టింట నేర్చిన ఆచారము చేసినది. భర్త కోరినది వేరు. ఆమెను నిందించువారు కలరు గాని, మంచి మనుష్యుల నడుమ అభిప్రాయభేదము ఎంత లోతైనదో ఆ యింటి చరిత్రమే చూపుచున్నది.

రామానుజుల స్థితిని ఒకమారు తలపోయవలెను. పాఠము చెప్పిన గురువు ఒక సిద్ధాంతము నేర్పినాడు. అది హృదయమునకు పట్టలేదు. హృదయమునకు పట్టిన భాగవతుడు ఆచార్యుడు కానన్నాడు. ఆచార్యుడు కాదగిన మహనీయుడు దేహము చాలించినాడు. ఇంట భార్య మాట ఒకటి, తన మనస్సు ఒకటి. పరతత్త్వమెవరు? జీవునకు బ్రహ్మమునకు గల సంబంధమెట్టిది? మోక్షమునకు కర్మమా, జ్ఞానమా, భక్తియా, శరణాగతియా? ప్రాణము పోవునపుడు స్మరణ తప్పినవాని గతి ఏమి? దేహముండగనే ముక్తి కలుగునా, దేహాంతముననా? వీనిలో ప్రతి ప్రశ్నకును ఆ దినములలో కంచిలోనే రెండు మూడు సమాధానములు దొరకును. చెప్పువారందరును వేదము చదివినవారే. తన బుద్ధితోనే తేల్చుకొనగల సామర్థ్యము రామానుజులకు లేకపోలేదు. కప్యాసార్థము చెప్పిన బుద్ధి అది. కాని తన బుద్ధికి తోచినదే తత్త్వమని నిశ్చయించుటకు వారు సాహసింపలేదు.

కాంచీపూర్ణుల వద్దకు పోయి, తన మనస్సున కొన్ని సందేహములు కలవనియు, వానికి సమాధానము ననుగ్రహింపుమని స్వామికి విన్నవింపుమనియు వేడుకొనిరి. ఆ సందేహములు ఇవి యని చెప్పలేదు. ఈ చరిత్రలో మిక్కిలి మననము చేయదగిన విషయమిది. సందేహములను విప్పి చెప్పినచో నంబికి రామానుజులు ఏ సమాధానమును కోరుచున్నారో తెలియును. శిష్యవాత్సల్యము చేత ఆ దిక్కునకే మాట ఒరగవచ్చును. ప్రశ్న నడుగు తీరులోనే మనకు కావలసిన జవాబును దాచిపెట్టుకొనుట మానవస్వభావము. రామానుజులు ఆ త్రోవను తామే మూసివేసిరి. సర్వజ్ఞునకు విన్నవించునపుడు వివరము అక్కరలేదను విశ్వాసమును అందు కలదు.

ఆ రాత్రి నంబి విసరుచు విన్నవించెను. మరునాడు రామానుజులతో స్వామి సెలవిచ్చిన ఆరు మాటలను చెప్పెను. పరతత్త్వము తానే యనెను. జీవేశ్వరులకు భేదమే సిద్ధాంతమనెను. మోక్షమునకు ఉపాయము శరణాగతియే యనెను. తన్నాశ్రయించినవానికి అంతిమస్మృతి నియమము కాదనెను. దేహావసానమున మోక్షమనెను. మహాపూర్ణుల నాచార్యులుగా వరింపుమనెను. ఆరును రామానుజుల హృదయమునందున్న ఆరు ప్రశ్నలకు సరిగా అతికినవి. తాను మోసికొనివచ్చినవి శిష్యుని మనస్సులోని వానికే సమాధానములని నంబికి అప్పుడే తెలిసినది.

నాలుగవ మాట మిక్కిలి కరుణతో కూడినది. అవసానమున ఏ భావమును స్మరించునో దానినే పొందునని గీతయందు కలదు. ఆ వాక్యమును తలచి భయపడని ముముక్షువు లేడు. కఫవాతములు కమ్ముకొని మాట పడిపోయినవాడు ఏమి స్మరింపగలడు? ఆరోగ్యముగా ఉన్నపుడు తన్ను తలచినవానిని, కొయ్యవలె పడియున్నపుడు తానే తలచుకొని పరమగతికి చేర్తునని వరాహమూర్తి భూదేవికి ఇచ్చిన మాట వైష్ణవులకు చరమశ్లోకమైనది. వరదుని నాలుగవ మాట దానికి ప్రతిధ్వని. ముసలితల్లిదండ్రులు స్పృహలేక కన్నుమూసిన గృహములందు ఈ మాట యెంత యోదార్పో చెప్పనక్కరలేదు.

ఆరవ మాట మొదటి ఐదింటివంటిది కాదు. అది సిద్ధాంతము కాదు. ఒక మనుష్యుని పేరు. స్వామితో నేరుగా మాటలాడు భాగవతుడు ప్రక్కనే యుండగా ఇక గురువెందులకని రామానుజులు తలంపవచ్చును. మనుష్యుల మాటలు పొసగలేదని దేవుని యొద్దకు పోయినవానిని దేవుడు మరల ఒక మనుష్యుని యొద్దకే పంపెను. తగినవాడెవడో చూపెను గాని, గురువు అక్కరలేదని చెప్పలేదు.

రామానుజులు ఆలస్యము చేయలేదు. ఆ మాట విన్నవెంటనే శ్రీరంగమునకు బయలుదేరిరి. అటు శ్రీరంగమునందలి భాగవతులు యామునుల పీఠము శూన్యమైనదని చింతించి, రామానుజులను తోడ్కొనివచ్చుటకు మహాపూర్ణులను సకుటుంబముగా కంచికి పంపియుండిరి. ఇరువురును మధురాంతకమున, ఏరికాత్త రామస్వామి కోవెలయందు కలిసికొనిరి. చెఱువును కాపాడిన రాముడని ఆ స్వామికి పేరు. కంచికి పోయి వరదుని సన్నిధిలో సంస్కారములు జరుపుకొందమని మహాపూర్ణులు చెప్పిరి. ఈ దేహము నిలుచునను నమ్మకమేమి యని రామానుజులు ప్రార్థించిరి. యామునుల కొఱకు వెళ్లి ఎట్లు వట్టిచేతులతో మరలివచ్చిరో వారికి మరపురాలేదు. ఆ కోవెలలోని పొగడచెట్టు క్రిందనే పంచసంస్కారములు జరిగినవి.

రామానుజులు సన్న్యసించిన పిమ్మట కంచిలో జరిగిన మరియొక సంగతి కలదు. యాదవప్రకాశులు వృద్ధులైరి. ఆయన తల్లి వరదభక్తురాలు; కుమారుడు రామానుజుల నాశ్రయించిన బాగుండునని ఆమె కోరిక. తాను పాఠము చెప్పిన శిష్యునకు తాను శిష్యుడగుటయా యని ఆయనకు సంకోచము. తాను శిఖాయజ్ఞోపవీతములను విడిచినందులకు భూప్రదక్షిణమే ప్రాయశ్చిత్తమని వేరొక భారము. ఒకప్పుడు తాను చంపదలచినవాడు వెదకికొన్న దిక్కునే ఇప్పుడు యాదవులును వెదకిరి. రామానుజులను ప్రదక్షిణము చేసిన చాలునని స్వామి యనుగ్రహమైనది. ఆయన గోవిందజియ్యరను పేర రామానుజుల యొద్ద సన్న్యాసము గ్రహించి, యతిధర్మసముచ్చయమను గ్రంథమును రచించిరి. పగ తీర్చుకొను తలంపు రామానుజులకు ఉండినచో ఈ గ్రంథము పుట్టెడిది కాదు.

శ్రీరంగమునకు చేరిన పిమ్మటను పెద్దల నడుమ భేదములు వారిని విడువలేదు. తిరుమలైయాండాన్ వద్ద తిరువాయ్మొళి అర్థము వినునపుడు ఒక పాశురమునకు రామానుజులు వేరొక భావము చెప్పిరి. యామునులు చెప్పిన భావము ఇది కాదు, ఇది విశ్వామిత్రసృష్టి యని ఆండాన్ పాఠము మానివేసిరి. ఆండాన్ అన్నదియు న్యాయమే. ఆచార్యుడు చెప్పినదానిని కాపాడుట ఆయన ధర్మము. అప్పుడు తిరుక్కోట్టియూర్ నంబి వచ్చి, యామునులు మరియొకమారు ఈ భావమునే చెప్పగా తాను వింటినని సాక్ష్యము చెప్పి, పాఠమును మరల సాగించెను. ఇచట స్వప్నము లేదు, అశరీరవాణి లేదు. సహాధ్యాయియైన మరియొక పెద్ద నోటనే సమాధానము దొరకినది. ప్రతి చిక్కునకు దివ్యవాక్కే కావలెనని రామానుజులు పట్టుపట్టలేదు.

అటుపిమ్మట తిరుపతికి విచ్చేసి, కొండక్రింద మేనమామ తిరుమలనంబి సన్నిధిలో ఒక సంవత్సరము శ్రీమద్రామాయణార్థము వినిరి. ఆ పాఠమున విభీషణశరణాగతి ఘట్టమును విన్నపుడు కంచి దినములు వారికి తలపునకు వచ్చియుండునేమో! అచట రామునకును ఇదియే చిక్కు. సుగ్రీవుడు వధింపుమనెను. అంగదుడు పరీక్షింపుమనెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు శంకింపుమనెను. మైందుడు ప్రశ్నించి చూడుమనెను. హనుమంతుడు ఒక్కడు స్వీకరింపుమనెను. అందరును రాముని కొఱకు ప్రాణమీయగలవారే. రాముడు అందరి మాటయు విని, శరణన్నవానిని విడువనను తన వ్రతమును పట్టుకొనెను. అంతమాత్రమున సుగ్రీవుని చిన్నబుచ్చలేదు. విభీషణుని తోడ్కొనిరమ్మని అతనికే చెప్పెను.

తరువాతి దిగ్విజయయాత్రలో జగన్నాథక్షేత్రమున జరిగినది వీనికన్న కఠినము. అచటి యర్చనమును పాంచరాత్రవిధికి మార్పవలెనని రామానుజులు సంకల్పించిరి. శాస్త్రము తమ పక్షముననే యున్నదని వారి నిశ్చయము. అర్చకులు తమ యాచారము విడువలేక స్వామినే శరణు వేడిరి. తనకు వారి సేవయే ప్రియమని జగన్నాథుడు తెలిపినను రామానుజులు పట్టు విడువలేదట. తెల్లవారి కన్ను తెరచి చూచుసరికి వారు ఉన్నది పురుషోత్తమక్షేత్రము కాదు, కళింగాంధ్రదేశమునందలి శ్రీకూర్మము. రాత్రికి రాత్రి గరుత్మంతుడు తెచ్చి దింపెనని పరంపర చెప్పుచున్నది. కంచిలో తనకు అనుకూలముగా వచ్చిన ఆరు మాటలను శిరసావహించుట యొకటి. శాస్త్రజ్ఞుడై, యతిరాజై, శిష్యకోటి చూచుచుండగా తనకు ప్రతికూలమైన మాటను శిరసావహించుట మరియొకటి. రామానుజులు మరల పురుషోత్తమమునకు పోయి వాదింపలేదు.

శ్రీకూర్మమునందును మొదట సంశయమే. గర్భాలయమునందలి మూర్తి శిలారూపమున నుండుటచే శివలింగమని తలచి, తీర్థప్రసాదములు గ్రహింపక ఉపవాసముండిరి. ఆ రాత్రి స్వామి స్వప్నమున సాక్షాత్కరించి తాను కూర్మరూపుడగు శ్రీమన్నారాయణుడనని తెలియజేసెను. మరునాడు ఉదయమున రామానుజులు శ్వేతపుష్కరిణిలో స్నానమాడి, పశ్చిమాభిముఖుడై వెలసిన కూర్మనాథుని ఎదుట సాష్టాంగముగా ప్రణమిల్లి, ప్రసాదము స్వీకరించిరి.